పచ్చిక కోసే పాత విద్యుద్యంత్రాలు

గడ్డి కోయడం మన దేశంలో క్రొత్త పని కాదు. తెల్లవారకముందే కొడవలి పట్టుకొని గట్ల వెంట పోయి, మోపు కట్టి నెత్తిన పెట్టుకొని వచ్చే మనిషిని ఎరుగని పల్లె తెలుగుదేశంలో ఉండదు. అయితే ఆ కోత పశువు కోసం. గడ్డిని పనిగట్టుకొని పెంచి, నీరు పోసి, ఎరువు వేసి, అంగుళానికి మించి ఎదగనీయకుండా వారం వారం కోసి, కోసినదానిని ఏ ఆవుకూ వేయక పారవేసే ఆచారం ఇంగ్లండులో వేళ్ళూనింది. ఆ ఆచారానికి ఒక యంత్రం కావలసివచ్చింది. ఆ యంత్రానికి కొంతకాలం తరువాత విద్యుచ్ఛక్తి తోడయింది. ఇప్పుడు ఆ పాత విద్యుద్యంత్రాలను వెదకి తెచ్చి, బాగుచేసి, మళ్ళీ పచ్చిక మీద నడిపించేవారు ఇంగ్లండులోను అమెరికాలోను ఉన్నారు. వారి ముచ్చట చూచి నవ్వుకునేవారూ ఉన్నారు. నవ్వదగినది అందులో కొంత ఉన్నమాట నిజమే. కాని ఆ యంత్రాల కథ కొంచెం దగ్గరగా చూస్తే ఒక విషయం బోధపడుతుంది. గడ్డిని ఎలా కోయాలో 1830 లోనే తేలిపోయింది. విద్యుత్తుతో కత్తిని ఎలా త్రిప్పాలో కూడ త్వరగానే తేలిపోయింది. తేలనిదల్లా ఒకటే: కదిలిపోయే యంత్రం దాకా ఆ విద్యుత్తును ఎలా తీసుకుపోవడం? తక్కిన కథ అంతా ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరిగింది.

యంత్రం రాకమునుపు ఇంగ్లండులో ధనవంతుల తోటలలోని పచ్చికను పొడుగు పిడిగల పెద్ద కొడవళ్ళతో కోసేవారు. తెల్లవారుజామున మంచు ఆరకముందే ఆ పని కావాలి. తడిగా ఉన్న గడ్డి కత్తికి నిలుస్తుంది. ఎండ తగిలిన గడ్డి వంగి తప్పించుకుంటుంది. వంకర లేకుండా, నేల గీరుకోకుండా కోయడం చేయి తిరిగిన పనివారికే సాధ్యం. అటువంటివారిని పదిమందిని పోషించగలవాడికే చదునైన పచ్చిక ఉండేది. లేనివాడు గొర్రెలను తోలేవాడు.

గ్లోస్టర్‌షైరులో స్ట్రౌడ్ అనే ఊరున్నది. దాని చుట్టుప్రక్కల లోయలలోని ఏటి నీళ్ళతో నడిచే మిల్లులు ఉన్నిబట్టకు పేరుపొందాయి. ఇంగ్లీషు సైనికుల ఎర్రకోటులకు కావలసిన బట్ట అక్కడ తయారయ్యేది. ఉన్నిబట్టను నేసిన తరువాత దానిమీది నూగును పైకి లేపి, ఆ నూగును సమంగా కత్తిరించాలి. అప్పుడే బట్ట నున్నగా ఉంటుంది. తొలుత పెద్ద కత్తెరలతో చేతితో చేసిన ఈ పనికి పంతొమ్మిదవ శతాబ్దం ఆరంభానికి యంత్రాలు వచ్చాయి. ఒక డోలు చుట్టూ మెలివడిన కత్తులు బిగించి ఉంటాయి. డోలు తిరుగుతుంటే ఆ కత్తులు క్రింద కదలకుండా ఉన్న మరొక కత్తికి రాచుకుంటూ పోయి, నడుమ దొరికిన నూగును కత్తెరవలె తెంచుతాయి. మిల్లుల యంత్రాల పనులు చూచే ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన ఈ డోలును చూచి, బట్టమీది నూగుకు పనికివచ్చినది నేలమీది గడ్డికి ఎందుకు పనికిరాదని ఆలోచించాడు. ఇంతకంటె సూటియైన ఊహ యంత్రాల చరిత్రలో అరుదు. పచ్చిక అంటే నేలకు నేసిన ఉన్నిబట్టే గదా!

1830 ఆగస్టు 31వ తేదీన బడ్డింగ్‌కు పేటెంటు లభించింది. స్ట్రౌడ్ ప్రక్కనే ఉన్న థ్రప్‌లో జాన్ ఫెరబీ అనే ఇనుప కార్ఖానాదారుడు ఆయనతో పొత్తు కలిశాడు. తొలి యంత్రం కోసే వెడల్పు 19 అంగుళాలు. వెనుక ఉన్న బరువైన ఇనుప రోలరునుండి పళ్ళచక్రాల ద్వారా కత్తుల డోలుకు వేగం అందేది. ఇరుగుపొరుగువారు చూచి నవ్వుతారని బడ్డింగ్ దానిని రాత్రివేళ నడిపి పరీక్షించాడని ఒక కథ చెప్పుకుంటారు. నిజమైతే, ఈ యంత్రాలను చూచి నవ్వే అలవాటు వాటితోనే పుట్టిందన్నమాట. పెద్దమనుషులు స్వయంగా దీనిని నెట్టుకుంటే వినోదమూ వ్యాయామమూ రెండూ సమకూరుతాయని పేటెంటు పత్రంలోనే వ్రాసుకున్నాడాయన. ఆ మాట నమ్మి ఎంతమంది పెద్దమనుషులు నెట్టారో గాని, మొదట కొన్నవారిలో లండను రీజెంట్స్ పార్కులోని జంతుప్రదర్శనశాలవారు ఉన్నారు. 1832లో ఇప్స్‌విచ్ పట్టణంలోని రాన్సమ్స్ కంపెనీ ఆ యంత్రాన్ని తయారుచేయడానికి అనుమతి పొందింది. ఈ పేరు మనకు మళ్ళీ తగులుతుంది.

తరువాతి తొంభై ఏళ్ళను త్వరగా దాటవచ్చును. 1842లో స్కాట్లండులోని ఆర్‌బ్రోత్‌లో షాంక్స్ అనే ఆయన పొట్టిగుర్రం లాగే పెద్ద యంత్రం చేశాడు. గిట్టల గుర్తులు పడకుండా గుర్రానికి తోలుజోళ్ళు తొడిగేవారు. 1859లో లీడ్స్‌లోని థామస్ గ్రీన్ పళ్ళచక్రాలకు బదులు గొలుసు పెట్టి చప్పుడు తగ్గించాడు. 1893లో ఆవిరియంత్రం వచ్చింది. అది కాగి కదిలేలోగా గడ్డి ఇంకొంత పెరుగుతుందని ఎగతాళి చేయదగినంత బరువు దానిది. 1902లో రాన్సమ్స్ వారు పెట్రోలు యంత్రాన్ని అమ్మకానికి తెచ్చారు. 1921లో బర్మింగ్‌హామ్‌లోని ఛార్లెస్ పగ్ కంపెనీవారు అట్కో అనే చిన్న పెట్రోలు యంత్రం తీసుకువచ్చారు. దానితో మోటారు కోత రాజప్రాసాదాల తోటలనుండి మధ్యతరగతి పెరళ్ళలోకి దిగింది. ఇంతలో పచ్చికమీది ఆటలు పెరిగాయి. 1877లో వింబుల్డన్‌లో మొదటి టెన్నిస్ పోటీలు జరిగాయి. అంగుళం కంటె తక్కువ ఎత్తున గడ్డిని సమంగా కోసే యంత్రం లేకపోతే ఆ బంతి లేచేది కాదు. ఇక్కడ ఒక చిన్న వింత చెప్పకుండా ఉండలేను. టెన్నిస్ బంతిమీది నూగుబట్టకు, బిల్లియర్డ్స్ బల్లమీది ఆకుపచ్చ బట్టకు కూడ పేరుమోసినది ఆ స్ట్రౌడే.

ఇక విద్యుత్తు మాట. 1920ల నడిమి సంవత్సరాలలో రాన్సమ్స్ కంపెనీయే విద్యుత్తుతో నడిచే పచ్చికకోత యంత్రాలను తయారుచేయనారంభించింది. రూపంలో అవి బడ్డింగ్ సంతానమే. డోలు అదే, అడుగుకత్తి అదే, రోలరు అదే. పైన ఒక మోటారు, దానికొక పొడవైన తీగ మాత్రమే క్రొత్తవి. పెట్రోలు వాసన లేదు, పొగ లేదు, చేతులు కమిలేటట్టు త్రాడు లాగి ఇంజనును లేపే బాధ లేదు. మీట నొక్కితే తిరుగుతుంది. ఇన్ని సుగుణాలున్న యంత్రం పెట్రోలు యంత్రాన్ని నాలుగేళ్ళలో వెనుకకు నెట్టి ఉండవలసింది. అలా జరగలేదు.

ఎందుకంటే ఆనాటి ఇంగ్లండులో కరెంటు అంటే ఒకటి కాదు. ఏ ఊరికి ఆ ఊరు, ఏ కంపెనీకి ఆ కంపెనీ తోచినట్లు విద్యుత్తును పుట్టించి అమ్మేవి. 1918 ప్రాంతంలో లండను మహానగరంలోనే 24 రకాల వోల్టేజీలు, 10 రకాల పౌనఃపున్యాలు ఉండేవి. ఒక వీధిలో ఏకముఖ విద్యుత్తు, ప్రక్క వీధిలో ప్రత్యావర్తి విద్యుత్తు. పరికరం కొనేవాడు ముందు తన ఇంటి వోల్టేజి చెప్పాలి. ఇల్లు మారితే పరికరం కూడ మార్చుకోవాలి. 1926లో బ్రిటిష్ పార్లమెంటు విద్యుత్ సరఫరా చట్టం చేసి, దేశమంతటినీ ఒకే వలగా కలిపే పని కేంద్ర విద్యుత్ మండలికి అప్పగించింది. ఆ వల 1933 నాటికి ప్రాంతాలవారీగాను, 1938 నాటికి దేశమంతటా కలిసి పనిచేయసాగింది. అంటే తొలి విద్యుత్ కోతయంత్రాలు పుట్టిన నాటికి వాటికి తిండిపెట్టే ఇల్లు ఇంకా పునాదులలోనే ఉన్నదన్నమాట. ఇంట్లోకి వచ్చిన కరెంటు కూడ దీపాల కోసం వచ్చినదే. ఇస్త్రీపెట్టె అయినా, మరేదయినా దీపపు హోల్డరునుండే తీగ లాగేవారు. అందులో ఎర్తు ఉండదు. మన ఇళ్ళలో పెద్దవారికి ఈ పద్ధతి బాగా జ్ఞాపకం ఉండే ఉంటుంది.

గదిలో ఎర్తు లేని ఇస్త్రీపెట్టె ఒక అపాయం. తడిగడ్డిమీద ఎర్తు లేని ఇనుప యంత్రం అంతకు పదింతల అపాయం. పైగా ఈ యంత్రం తన ప్రాణాధారమైన తీగను తానే కోసుకోగలదు. కాబట్టి తీగను భుజంమీదుగా వేసుకొని, ప్లగ్గు ఉన్న గోడ దగ్గర మొదలుపెట్టి, తీగకు దూరంగా అడ్డంగా కోసుకుంటూ పోవడం నేర్చుకోవలసివచ్చింది. తరువాత తీగకు గడ్డిలో కలిసిపోని నారింజ రంగు తొడుగు వేశారు. మోటారును, పిడిని ప్లాస్టిక్ తొడుగుతో రెండంచెలుగా వేరుచేశారు. ఇటీవలి దశాబ్దాలలో, లీకయిన విద్యుత్తు 30 మిల్లీ ఆంపియర్లు దాటగానే రెప్పపాటులో సరఫరాను తెంచివేసే మీట వచ్చింది. మన ఎలక్ట్రీషియన్లు దానినే ఇ.ఎల్.సి.బి. అనీ, ఆర్.సి.సి.బి. అనీ అంటారు. పాత యంత్రాన్ని నడపదలచినవాడు ముందు కొనవలసినది యంత్రం కాదు, ఆ మీట.

రేడియో ఉన్న ఇళ్ళవారికి ఈ యంత్రాలతో మరొక సంబంధం ఉన్నది. వంటింట్లో మిక్సీ త్రిప్పగానే మీడియం వేవ్ ప్రసారంలో గరగరమని చప్పుడు రావడం మీకు అనుభవమే. దానికి కారణం మోటారులోని బ్రష్షులు. తిరిగే కమ్యుటేటరు మీద బొగ్గు బ్రష్షులు రాచుకుంటున్నప్పుడు క్షణక్షణమూ చిన్న నిప్పురవ్వలు పుడతాయి. ఒక్కొక్క రవ్వా ఒక చిన్న ప్రసారకేంద్రమే! అది ఏ తరంగదైర్ఘ్యం మీద అని చూడక అన్నిటిమీదా అరుస్తుంది. ఆదివారం మధ్యాహ్నం ఒకరు పచ్చిక కోస్తే ప్రక్కింటివారి సంగీతం పాడయ్యేది. ఈ గోల మాన్పడానికి మోటారుకు అడ్డంగా చిన్న కండెన్సరు ఒకటి పెట్టవచ్చును. రవ్వలోని అధిక పౌనఃపున్యాన్ని అది అక్కడికక్కడే మ్రింగుతుంది. బ్రిటన్ 1949లో చేసిన వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ఇటువంటి అంతరాయాలను అదుపులో పెట్టే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అందుచేత ఆ తరువాతి కాలపు యంత్రాలలో చాలవాటిలో ఈ కండెన్సరు కనిపిస్తుంది.

ఆకాశవాణిలో పనిచేసేవాడిగా ఆ కండెన్సరుకు నేను కృతజ్ఞుడనే. కాని పాత యంత్రాలను నడిపేవారికి ఇదొక దొంగశత్రువు. కాగితపు పొరలతో చేసిన ఆ కండెన్సరు యాభై ఏళ్ళలో పైతొడుగు పగిలి గాలిలోని చెమ్మను పీలుస్తుంది. అటక మీద ముప్పై ఏళ్ళు పడుకున్న యంత్రాన్ని తెచ్చి, దుమ్ము తుడిచి, ఉత్సాహంగా ప్లగ్గు పెడితే కొద్ది నిమిషాలలో చిటపటమని తెల్లని పొగ లేస్తుంది. మోటారు కాలిపోయిందని దిగులుపడి యంత్రాన్ని తుక్కుకు వేసినవారు లేకపోలేదు. కాలినది చేతివేలి ప్రమాణంలో ఉన్న కండెన్సరు మాత్రమే. ఇంతకంటె చెడ్డ మాట ఒకటున్నది. కొన్ని యంత్రాలలో ఒక కండెన్సరు కరెంటు తీగకూ యంత్రపు ఇనుప శరీరానికీ నడుమ ఉంటుంది. అది లోపల చెడితే పొగ రాదు, చప్పుడు రాదు. పిడి పట్టుకున్న చేతికే తెలుస్తుంది. పొరుగువారి వినోదం కోసం పెట్టిన వస్తువు అర్ధశతాబ్దం తరువాత యజమాని ప్రాణానికి వస్తుందని పెట్టినవారు ఊహించి ఉండరు.

తీగల రంగులు కూడ ఇటువంటివే. 1970కి ముందటి బ్రిటిష్ పరికరాలలో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. మన ఇళ్ళలో ఎరిగినదీ ఈ వరుసే. అదే కాలపు పాత జర్మన్ తీగలలో ఎరుపే ఎర్తు. అమెరికాలో నలుపు ఫేజు, తెలుపు న్యూట్రల్. ఒక దేశంలో చంపే తీగ మరొక దేశంలో కాపాడే తీగ! ఈ అయోమయం భరించలేకనే యూరపులో గోధుమ, నీలం, ఆకుపచ్చ-పసుపు చారల రంగులు నిర్ణయించుకున్నారు. బ్రిటన్‌లో అవి 1970లో అమలులోకి వచ్చాయి. ఎవరో మధ్యలో మరమ్మతు చేసిన పాత యంత్రానికి ఏ రంగునూ నమ్మరాదు. తీగ ఏదైనా రెండు కొసలనూ మీటరుతో పరీక్షించిన తరువాతనే కలపాలి. అమెరికా యంత్రానికి 120 వోల్టులు, మన గోడలో 230 వోల్టులు అన్న సంగతి కూడ మరవరాదు.

1960లలో ఇంగ్లండులో పచ్చిక కోత మరొక మలుపు తిరిగింది. క్రిస్టఫర్ కాకరెల్ కల్పించిన గాలిమెత్త ఓడ 1959 జూలైలో ఇంగ్లీషు ఛానలు దాటింది. స్వీడన్‌కు చెందిన కార్ల్ డాల్మన్ అదే సూత్రాన్ని కోతయంత్రానికి పట్టించి, చక్రాలు లేకుండా గాలిమీద తేలిపోయే యంత్రం చేశాడు. ఫ్లైమో అని దానికి పేరు. మొదట పెట్రోలుతోను, పిమ్మట విద్యుత్తుతోను నడిచింది. డెర్బీలోని క్వాల్‌కాస్ట్ కంపెనీ తన డోలుయంత్రంతో దానిని ఎదుర్కొన్నది. టెలివిజన్ ప్రకటనలలో ఈ రెండు కంపెనీలూ పరస్పరం వెక్కిరించుకున్న తీరు ఆ తరంవారికి ఇప్పటికీ గుర్తే. చవకైనవి గనుక అవి లక్షల ఇళ్ళలోకి వెళ్ళాయి. చవకైనవి గనుకనే మరమ్మతుకు నోచుకోక తుక్కులోకి వెళ్ళాయి. సేకరించేవారి దృష్టిలో అవి ఇంకా పూర్తిగా పెద్దరికం పొందలేదు. ఇది కొంత అన్యాయమని నా అభిప్రాయం. రేపు అరుదయ్యేవి నేడు ఎవరూ దాచనివే.

తీగను వదలించుకోవడానికి బ్యాటరీ ఒక మార్గం. 1960లలో ఇంగ్లండులో వెబ్ వంటి కంపెనీలు చిన్న డోలుయంత్రం మీద బ్యాటరీని ఎక్కించి అమ్మాయి. కాని ఈ మార్గంలో చాల పెద్ద అడుగు వేసినది అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ. 1969లో ఆ కంపెనీ ఎలెక్‌ట్రాక్ అనే తోట ట్రాక్టరును బయటపెట్టింది. అందులో బ్రూస్ లామైస్టర్ అనే ఇంజనీరు ప్రధాన పాత్ర వహించాడు. మనిషి కూర్చొని నడిపే బండి అది. ఒక్కొక్కటి 6 వోల్టుల సీసపు బ్యాటరీలు ఆరింటిని వరుసగా కలిపితే 36 వోల్టులు. గోల్ఫు మైదానాలలో తిరిగే బండ్లలోని బ్యాటరీలే ఇవి. ఒక్కొక్కటి పాతిక ముప్పై కిలోల బరువు. రాత్రి ఇంటి ప్లగ్గుకు తగిలిస్తే తెల్లవారేసరికి సిద్ధం. దాని పెద్ద కోతపలక మీద మూడు కత్తులు, ఒక్కొక్క కత్తికి వేరు వేరుగా ఒక మోటారు. బెల్టులు లేవు, తెగేవి లేవు. మంచు ఎత్తిపోసే పరికరం తగిలించవచ్చు. అదే బ్యాటరీనుండి రంపమూ కంచె కత్తిరించే కత్తెరా నడపవచ్చు. పొరుగువారు నిద్రపోతుండగా కోయదగినంత నెమ్మదైన చప్పుడు.

బ్యాటరీల బరువు చేతితో నెట్టే యంత్రానికి ఒక లోపం. ట్రాక్టరుకు అది గుణమైంది. ట్రాక్టరు చక్రం నేలను పట్టాలంటే బరువు ఉండనే ఉండాలి. ఇది గ్రహించడంలో ఆ ఇంజనీర్ల తెలివి ఉన్నది. అయినా వ్యాపారం నిలువలేదు. ధర ఎక్కువ; అమ్మేవారికి ఇంజను మరమ్మతు తెలుసు గాని మోటారు మరమ్మతు తెలియదు; కొన్నవాడు కొన్ని ఏళ్ళకొకసారి ఆరు బ్యాటరీలనూ మార్చుకోవాలి. 1970ల నడుమకు జనరల్ ఎలక్ట్రిక్ ఈ పని చాలించుకుంది. తరువాత కొంతకాలం వీల్ హార్స్ అనే ట్రాక్టరు కంపెనీ ఆ బండ్లను అమ్మింది. 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపివేసి అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరిన కాలం అది. పెట్రోలు లేకుండా నడిచే బండి అంగడిలో ఉండగానే అంగడి మూతపడడం ఆశ్చర్యమే. కాని ఇంట్లో పచ్చిక కోతకు పట్టే పెట్రోలు ఎంత? ఆ కొద్దిపాటి కోసం అంత ధర పెట్టడానికి జనం సిద్ధపడలేదు. దోషం యంత్రానిది కాదు, లెక్కది.

ఆ ట్రాక్టర్లలో కొన్ని ఇప్పటికీ తిరుగుతున్నాయి. వాటిని నడిపేవారు మ్యూజియం మనుషులు కారు. తోట ఉన్నది, గడ్డి ఉన్నది, బండి ఉన్నది. శనివారం వస్తే కోస్తారు. పైకప్పు తెరిస్తే కనిపించేవి చాలవరకు మోటార్లు, రిలేలు, స్విచ్చులు, బలమైన తీగలు. కంటికి కనిపించేదానిని చేతితో బాగుచేయవచ్చును. అమెరికాలో ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువారికి ఇంటి ముందటి గడ్డి ఎత్తు మీద ఊరి పాలకసంఘాలు పెట్టే నియమాలు తెలియనివి కావు. గడ్డి పెరిగితే జరిమానా వేసే ఊళ్ళున్నాయి. కనుక అక్కడ ఈ యంత్రం అలంకారం కాదు, సంసారం.

ఇక్కడ సేకరించేవారి మధ్య ఒక వాదం ఉన్నది. సీసపు బ్యాటరీ వాడినా, వాడకపోయినా కొన్నేళ్ళలో చచ్చిపోతుంది. 1970 నాటి బ్యాటరీతో నేడు నడిచే ఎలెక్‌ట్రాక్ ఉండదు. కొందరు మళ్ళీ సీసపు బ్యాటరీలే పెడతారు. కొందరు లిథియం బ్యాటరీలు పెట్టి, తగ్గిన బరువును ఇనుప దిమ్మెలతో సరిచేస్తారు. అప్పుడది పాత బండియేనా అని మొదటివారు అడుగుతారు. తీగతో నడిచే యంత్రాల విషయంలోనూ ఇదే ప్రశ్న. నాటి గుడ్డ తొడుగు తీగ, నాటి బేకలైటు ప్లగ్గు, నాటి కండెన్సరు అన్నీ ఉంటేనే అసలైనదని ఒక పక్షం. అవి ఉంటే ముట్టుకోరాదని రెండవ పక్షం.

నేను రెండవ పక్షంవాడను. బడ్డింగ్ డోలు, దాని అడుగుకత్తి, మోటారు, పోత ఇనుప ప్రక్కపలకలు యంత్రపు ఒడలు. తీగ, కండెన్సరు, బ్యాటరీ, బ్రష్షులు అది తినే ఆహారం వంటివి. అవి మారడానికే పుట్టాయి. నాటి కంపెనీలు కూడ వాటిని మార్చుకొమ్మనే అమ్మాయి. పాత తీగను చుట్టి, చీటీ కట్టి, పెట్టెలో దాచితే చరిత్రకు లోటు లేదు. దానిలో రబ్బరు ఎండి పొడి అయిపోయి ఉంటుంది. ఒకసారి వంచితే లోపలి రాగి బయటపడుతుంది. గాజుబీరువాలో ఉంచదలచినవారికి ఏ రంగు తీగ అయినా ఒకటే. నడపదలచినవారికి క్రొత్త తీగ, క్రొత్త కండెన్సరు, ఎర్తు, 30 మిల్లీ ఆంపియర్ల మీట, ఈ నాలుగూ లేనిదే స్విచ్చు జోలికి పోరాదు.

నడపకుండా దాచడమే క్షేమమని అనుకోవడం కూడ పొరపాటే. కదలని బేరింగులో జిడ్డు గట్టిపడుతుంది. కదలని కమ్యుటేటరు మీద బ్రష్షు క్రింద పచ్చటి తుప్పు పట్టి, తిరగడం మొదలుపెట్టిన మరుక్షణం ఎక్కువ రవ్వలు రాల్చుతుంది. చుట్టల మీది ఇన్సులేషన్ చెమ్మ పీల్చుకుంటుంది. అటువంటి మోటారును వెచ్చని చోట కొన్ని రోజులు ఆరబెట్టి, ఇన్సులేషన్ పరీక్షించిన తరువాతనే కరెంటు ఇవ్వాలి. బ్రష్షులు లేని ఇండక్షన్ మోటారు ఉన్న యంత్రం దొరికితే అదృష్టం; దానికి కమ్యుటేటరు బాధ ఉండదు. ఇంగ్లండులో సౌత్‌పోర్టు పట్టణంలో పచ్చికకోత యంత్రాల మ్యూజియం ఒకటున్నది. 1990లో ఏర్పడిన పాత యంత్రాల అభిమానుల సంఘం కూడ ఉన్నది. ఇటువంటి చోట్ల మిగిలే గొప్ప నిధి ఇనుము కాదు, అడుగుకత్తిని ఎంత బిగించాలో తెలిసిన చేతులు. అది పుస్తకం చదివి వచ్చే విద్య కాదు.

ఇంతలో కాలం ఒక చుట్టు తిరిగింది. కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 నమూనాలనుండి పచ్చిక కోసే చిన్న పెట్రోలు ఇంజన్ల క్రొత్త అమ్మకాలను చాలవరకు నిలిపివేసే ఏర్పాటు చేసింది. లిథియం బ్యాటరీ యంత్రాలు అంగళ్ళ నిండా వచ్చాయి. జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీర్లు 1969లో కోరుకున్నది ఇదే. అయితే ఈ క్రొత్త యంత్రాలలో చాలవాటి బ్యాటరీ ఆ కంపెనీకే అమరే ప్రత్యేకమైన గూటిలో ఉంటుంది. లోపల ఎలక్ట్రానిక్ పలక మూసివేసి ఉంటుంది. ఎలెక్‌ట్రాక్‌కు గోల్ఫు బండి బ్యాటరీ ఏ ఊళ్ళో దొరికినా సరిపోతుంది గనుకనే అది యాభై ఏళ్ళు దాటి బ్రతికింది. నేటి యంత్రం కంపెనీ ఆ గూటి కొలత మార్చుకున్న రోజున ఏమవుతుందో నలభై ఏళ్ళ తరువాతి సేకర్తలు చెప్పాలి.

చివరగా, పాత డోలుయంత్రం ఎవరికైనా దొరికితే దానిని కొనేముందు చేయవలసిన పరీక్ష ఒకటి చెబుతాను. దానికి కరెంటు అక్కరలేదు. ప్లగ్గు ఊడదీసి ఉండడం అవసరం. వార్తాపత్రికనుండి ఒక చీలిక చింపి డోలుకత్తికీ అడుగుకత్తికీ నడుమ పట్టుకొని, వ్రేళ్ళను దూరంగా ఉంచి, డోలును చేతితో నెమ్మదిగా త్రిప్పించాలి. ఈ చివరనుండి ఆ చివరదాకా ప్రతిచోటా కాగితం కత్తెరతో కోసినట్లు తెగితే ఆ యంత్రాన్ని ఎవరో శ్రద్ధగా చూచుకున్నారని అర్థం. నడుమ నలిగి మడత పడితే అడుగుకత్తి అరిగింది; సానపట్టించవచ్చును. ఒక చివర తెగి మరొక చివర తెగకపోతే బిగింపు మరలలో తేడా ఉన్నది, అరగంట పని. డోలు ఒకచోట గట్టిగా పట్టుకొని కదలకపోతే మాత్రం లోపల బేరింగు పోయింది. అటువంటప్పుడు బేరం తగ్గించి అడగవచ్చును.